కోనసీమ నేలకు ఏ గొర్రె?

రాజోలు ప్రాంతం నుండి ఒక సోదరుడు ఈ శీర్షికకు దీర్ఘమైన ఉత్తరం వ్రాశారు. పదకొండేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి తిరిగి వచ్చారు. తండ్రి నుండి సంక్రమించిన ఎకరం కొబ్బరితోట ఉన్నది. చేతిలో కొంత పొదుపు ఉన్నది. ఒక మధ్యవర్తి ఆయన ఇంటికి వచ్చి, ఇరవై తల్లి గొర్రెలు, విదేశీ రక్తం కలిసిన ఒక పొట్టేలు ఇప్పిస్తానని, ఏడాది తిరిగేసరికి మంద రెట్టింపవుతుందని నమ్మబలుకుతున్నాడట. డబ్బు చాలకపోతే ఇంట్లోని బంగారం కుదువ పెట్టమని సలహా కూడా ఇచ్చాడట. "మాంసానికి తొందరగా ఎదిగే జాతి ఏది?" అని సోదరుని ప్రశ్న. ఉత్తరం అడుగున ఆయన భార్య తన చేతివ్రాతతో ఒక వాక్యం చేర్చారు: ఈ డబ్బు పోతే ఆయన మళ్ళీ విమానం ఎక్కవలసిందే, పిల్లలు మళ్ళీ తండ్రిని ఫోనులోనే చూడవలసిందే.

నేను పశువైద్యుడను కాను. మదర్సాలో పాఠాలు చెప్పుకొనేవాడిని. అయితే ప్రతి యేటా బక్రీద్‌కు ముందు మా వాళ్ళ కొరకు పశువులను ఎంపిక చేసే బాధ్యత నామీద పడుతూ వచ్చింది. అందువలన మెట్ట ప్రాంతపు కాపరులతో, పశువైద్యశాలల సిబ్బందితో చాలాకాలంగా పరిచయం ఏర్పడింది. ఆ పరిచయంతోనే ఈ నాలుగు మాటలు.

జాతి ఏది అన్నది రెండవ ప్రశ్న. నేల ఏది అన్నది మొదటి ప్రశ్న. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలు ఉంటే, తెలంగాణలో 1.91 కోట్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో మొదటి రెండు స్థానాలలో ఉన్నాయి. కానీ ఆ మందలలో అత్యధికం మెట్ట జిల్లాలలో, వాన తక్కువ పడే బీళ్ళలో తిరిగేవే. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చిన ఈ లంక నేలలో, కాలువ గట్టుకూ వరిచేనుకూ మధ్య ఎండిన జానెడు చోటు దొరకడమే కష్టం. గొర్రె పొడి నేలను కోరే జీవి. దాని గిట్ట నెలల తరబడి తడిలో నానితే కుళ్ళుతుంది. చిత్తడిలోని నత్తల ద్వారా వ్యాపించే జలగ దాని కార్జంలో చేరుతుంది. మంచు ఆరని గడ్డితో పాటు పొట్ట పురుగులు లోనికి పోతాయి. గొర్రెల పెంపకంలో బర్కత్ ఉన్నదని మనవారు తరచు చెబుతారు. నిజమే. కానీ బురదలో నిలబెట్టిన మందకు ఆ మాట మందు కాజాలదు.

ఇక జాతుల సంగతి. మన రాష్ట్రంలో మాంసపు గొర్రె అనగానే ముందు చెప్పుకోవలసినది నెల్లూరు జాతి. దేశంలోని గొర్రెలలో ఎత్తులో ఇదే మిన్న. ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. మెడ క్రింద రెండు చిన్న కండ తిత్తులు వ్రేలాడుతూ ఉండడం చాలావాటిలో కనిపిస్తుంది. పొట్టేళ్ళకు కొమ్ములుంటాయి, తల్లులకు సాధారణంగా ఉండవు. రంగును బట్టి ఇందులో మూడు రకాలు చెబుతారు. పూర్తిగా తెల్లనిది లేదా తెలుపుపై లేత గోధుమ మచ్చలున్నది పల్ల. తెల్లని ఒంటికి కళ్ళ చుట్టూ, మూతి వద్ద, కాళ్ళపై నల్లని మచ్చలున్నది జోడిపి. ఒళ్ళంతా ఎర్రగా ఉన్నది దొర. సంతలో జోడిపికి గిరాకీ ఎక్కువ. బక్రీద్ కొరకు వచ్చేవారు కూడా దానివైపే మొగ్గుతారు. దైవప్రవక్త (స) కొమ్ములున్న, తెలుపు నలుపు కలిసిన పొట్టేళ్ళను జిబహ్ చేశారని హదీసు గ్రంథాలలో ఉన్నందున, ఆ పోలిక చూసి ముచ్చటపడతారు. ముచ్చట మంచిదే. కానీ రంగుకు డబ్బు పెట్టి ఎదుగుదలను వదులుకోవడం పెంపకందారునికి తగదు. జోడిపి, పల్ల, దొర అన్న భేదం కంటే ఆ పిల్ల తల్లి ఎంత పాలిచ్చింది, తండ్రి ఎంత పొడగరి అన్నదే బరువును నిర్ణయిస్తుంది.

మాచర్ల గొర్రె మరొకటి. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, నల్గొండ సరిహద్దుల కాపరులు తరతరాలుగా పెంచుకొస్తున్న ఈ జాతిని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఇటీవలి సంవత్సరాలలోనే ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. తెల్లని ఒంటిపై పెద్ద పెద్ద నల్లని లేదా గోధుమ రంగు మచ్చలతో భారీగా ఉంటుంది. మాంసానికి యోగ్యమైనదే. తెలంగాణ వైపు కనిపించే దక్కనీ నల్ల గొర్రె మాత్రం ఉన్ని గొర్రె. కోనసీమ ఉక్కకూ, వానకూ దాని బొచ్చు తడిసి ఆరదు. దాని సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మధ్యవర్తి చెప్పిన "విదేశీ రక్తం" గురించి కొంచెం వివరంగా చెప్పాలి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాలలో లేత గొర్రె మాంసం పెద్ద వాణిజ్యం. 1882లో డనెడిన్ అనే ఓడ న్యూజిలాండ్ నుండి గడ్డకట్టించిన మాంసాన్ని లండన్‌కు చేర్చినప్పటి నుండి ఆ దేశపు రైతుల దశ మారింది. అక్కడి పద్ధతి ఇది. తల్లి గొర్రెలు ఆ నేలకు అలవాటుపడిన గట్టి జాతివి. తండ్రి మాత్రం కండపట్టే జాతిది, సఫోక్ లేదా పోల్ డార్సెట్. పుట్టిన పిల్లలన్నీ మాంసానికే పోతాయి. వాటిలో ఒక్కదానిని కూడా మందలో తల్లిగా నిలుపుకోరు. దక్షిణాఫ్రికా వారు 1930లలో డార్సెట్ హార్న్, నల్లతల పర్షియన్ జాతులను కలిపి తమ ఎండనేలల కొరకు డార్పర్‌ను తయారుచేసుకున్నారు. ఈ ఏర్పాట్లన్నింటిలోనూ పునాది ఒక్కటే: తల్లి నేలది కావాలి. తల్లికి నేల సరిపడనప్పుడు తండ్రి ఏ ఖండం నుండి వచ్చినా ప్రయోజనం లేదు. పైగా చిన్న తల్లికి భారీ పొట్టేలును కలిపితే ఈనేటప్పుడు పిల్ల అడ్డుపడి తల్లీపిల్లా రెండూ పోయే ప్రమాదం ఉన్నది. డార్పర్ పేరుతో చూపించే పొట్టేలులో ఆ రక్తం ఎంతున్నదో చెప్పే కాగితమేదీ మధ్యవర్తి వద్ద ఉండదు. ఆ ఖరీదు ఎందుకు?

తడి నేలకు తగిన గొర్రె లోకంలో లేదా అంటే, ఉన్నది. బెంగాల్ సుందరవనాలలోని గారోల్ గొర్రె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మేస్తుంది. ఒక్క ఈతలో రెండు మూడు పిల్లలనిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు చివర కలకత్తా నుండి ఆస్ట్రేలియాకు ఓడలలో వెళ్ళిన గొర్రెల ద్వారానే ఈ కవలల గుణం అక్కడి బూరూలా మెరినో జాతికి సంక్రమించిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ సంస్థ అదే గుణాన్ని దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారీ సువర్ణ అనే రకాన్ని రూపొందించింది. మన ఉత్తరపు పొరుగు ఒడిశా తీరంలోని కేంద్రపడా గొర్రెలోనూ ఆ గుణం ఉన్నది. కానీ గారోల్ పెరిగి పెద్దదైనా పది, పదిహేను కిలోలే. అమలాపురం మాంసపు దుకాణదారుకు గానీ, ఖుర్బానీ కొనుగోలుదారుకు గానీ అది నచ్చదు. నేలకు నచ్చినది సంతకు నచ్చదు, సంతకు నచ్చినది నేలకు నచ్చదు. ఈ చిక్కును విశ్వవిద్యాలయాలు విప్పవలసిందే. ఒక కుటుంబం తన పొదుపుతో విప్పవలసినది కాదు.

కనుక సోదరునికి నా సలహా: తల్లి గొర్రెలను కొనకండి. "ఇరవై తల్లులు, ఒక పొట్టేలు" అన్న లెక్క 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో గొర్రెలు పంచిన నాటి నుండి అందరి నోటా నానుతున్నది. అక్కడ బీళ్ళున్నాయి, కాపరి కుటుంబాలున్నాయి. జాతీయ పశుసంవర్ధక మిషన్ క్రింద కేంద్రం ఇచ్చే 50 శాతం రాయితీ కనీసం వంద తల్లులు, ఐదు పొట్టేళ్ళ మందకు. ఎకరం కొబ్బరితోటకు అది మోయలేని బరువు. నెల్లూరు గొర్రె సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే ఇస్తుంది. చూలు ఐదు నెలలు. ఆ తల్లులు ఏటా జూలై నుండి నవంబరు వరకు మన వానలనూ, వరదలనూ దాటాలి. మంద రెట్టింపవుతుందన్న లెక్కలో ఒక్క చావు కూడా వ్రాసి ఉండదు, గమనించండి.

దీనికి బదులు, పొట్టేలు పిల్లలను కొని, నాలుగు నెలలు మేపి అమ్మే పద్ధతి మన రాష్ట్రంలో చాలాచోట్ల నడుస్తున్నది. మూడు, నాలుగు నెలల వయసు, పది నుండి పన్నెండు కిలోల బరువు ఉన్న నెల్లూరు లేదా మాచర్ల పొట్టేలు పిల్లలను మెట్ట కాపరుల వద్ద నేరుగా కొనాలి. బాగా మేపితే రోజుకు వంద నుండి నూటయాభై గ్రాముల వరకు బరువు పెరుగుతాయి. పన్నెండు కిలోల పిల్ల 120 రోజులలో వంద గ్రాముల చొప్పున పెరిగితే 24 కిలోలు, నూటయాభై చొప్పున పెరిగితే 30 కిలోలు. మొదటి ఏడాది వంద గ్రాముల లెక్కనే నమ్ముకోండి. 24 కిలోల జీవికి దాదాపు సగం, అంటే పదకొండు, పన్నెండు కిలోల మాంసం వస్తుంది.

ఇక్కడే మన పంచాంగం కోనసీమకు ఒక మేలు చేస్తున్నది. చాంద్రమాన సంవత్సరం పది, పదకొండు రోజులు చిన్నది కనుక బక్రీద్ ఏటా అంతమేర ముందుకు జరుగుతుంది. 2019లో ఆగస్టు 12న, 2022లో జూలై 10న వచ్చింది. 2022లో పండుగ వెళ్ళిన వారానికే ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మన లంకలను ముంచిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అటువంటి ఏడు అమ్ముడుపోని పొట్టేళ్ళు మిగిలినవాని గతి ఊహించుకోండి. 2025లో పండుగ జూన్ 7న వచ్చింది. 2026లో మే చివరి వారంలో, 2028లో మే మొదటి వారంలో, 2030లో ఏప్రిల్ నడుమ, 2033లో మార్చి రెండవ వారంలో వస్తుంది. ఒకటి రెండు రోజుల తేడా చంద్రదర్శనాన్ని బట్టి ఉంటుంది. అంటే రాబోయే కొన్నేళ్ళు పిల్లలను తెచ్చేది తుపానుల కాలం గడిచాక, మేపేది పొడి నెలలలో, అమ్మేది తొలకరికి ముందు. కొట్టం శుభ్రం చేసి వర్షాకాలమంతా ఖాళీగా ఉంచవచ్చు. ఖాళీ కొట్టంలో రోగం నిలువదు. కనుమకు కూడా మన జిల్లాలో మాంసపు గిరాకీ బాగా ఉంటుంది, కానీ దానికి సెప్టెంబరులోనే పిల్లలను దింపాలి. మొదటి ఏడు ఆ జోలికి పోవద్దు.

పిల్లను ఎంచడంలో ఒక మెళకువ ఉన్నది. పన్నెండు కిలోల పిల్ల మూడు నెలలదైతే లాభం, ఎనిమిది నెలలదైతే నష్టం. రెండవది గిడసబారిన పిల్ల. ఎంత మేపినా పెరగదు. తల పెద్దదై, మెడ సన్నబడి, పొట్ట వ్రేలాడుతూ, బొచ్చు మెరుపు లేకుండా ఉంటే అది ఆ కోవలోనిదే. క్రింది కనురెప్పను వ్రేలితో దించి చూడండి. లోపల ఎర్రగా ఉంటే ఆరోగ్యం, పాలిపోయి ఉంటే పొట్ట పురుగులు రక్తం పీలుస్తున్నట్లు. నాలుగు గిట్టలనూ ఎత్తి వేళ్ళ సందు వాసన చూడండి. తోక క్రింద పారుడు మరకలు ఉన్నదానిని తీసుకోకండి. మందలో ఒక్కటి దగ్గుతున్నా ఆ రోజుకు బేరం మానుకొని వచ్చేయడమే మేలు.

తెచ్చిన పిల్లలకు ఒక రాత్రంతా లారీ ప్రయాణపు బడలిక ఉంటుంది. దిగగానే దాణా పోయకండి. నీళ్ళు, ఎండుగడ్డి చాలు. రెండు మూడు వారాలు ఊరి జీవాలకు దూరంగా ఉంచాలి. పశువైద్యుని సలహాతో పురుగుల మందు త్రాగించి, చిటుక రోగానికీ, పి.పి.ఆర్.కూ టీకాలు వేయించాలి. చిటుక రోగం టీకా రెండు వారాల తరువాత మళ్ళీ వేయిస్తేనే గట్టిపడుతుంది. బాగా తిని బలిసిన పిల్లలే ఆ రోగానికి తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటాయి.

కొట్టం నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున ఉండాలి. మన వద్ద తాటి దబ్బలకూ, వెదురుకూ కొదవ లేదు. వాటితో మంచె వేసి, పెంట క్రిందికి రాలేటట్లు, కాలు దిగబడనట్లు సన్నని సందులు వదలాలి. కప్పుకు కొబ్బరాకు చాలు. కొబ్బరి చెట్ల నీడలో గినీ గడ్డి, గట్లపై అవిశ, సుబాబుల్, గ్లిరిసిడియా, ఎండ తగిలే చోట దశరథ గడ్డి ముందుగానే పెంచుకోవాలి. పిల్లలను తెచ్చిన తరువాత గడ్డి విత్తనం వెతుక్కోవడం కుదరదు. దాణాకు అంబాజీపేట ఉన్న సీమలో కొబ్బరి చెక్క సులభంగా దొరుకుతుంది. అందులో మాంసకృత్తులు ఇరవై శాతానికి అటూ ఇటూగా ఉంటాయి. దానికి మొక్కజొన్న నూక, తవుడు, మినప పొట్టు కలిపి పిల్లకు రోజుకు రెండు వందల నుండి మూడు వందల గ్రాములు పెట్టవచ్చు. ఈ మోతాదుకు చేరడానికి పది, పదిహేను రోజులు పట్టాలి. ఒక్కసారి గింజ పెంచితే పొట్ట పులిసి పడిపోతాయి. బూజు వాసన వచ్చిన చెక్కను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

తవుడు చౌక అని దానితోనే కడుపు నింపేవారున్నారు. తవుడులో భాస్వరం ఎక్కువ. సున్నం పాళ్ళు తక్కువైతే పొట్టేళ్ళకు మూత్రంలో రాళ్ళు ఏర్పడి మూత్రం బిగుసుకుంటుంది. పండుగకు వారం ముందు బాగా కండపట్టిన పొట్టేలే ఇలా పోతుంది. దాణాలో కొద్దిగా ఉప్పు, సున్నపురాతి పొడి, ఎప్పుడూ ఎదుట మంచినీళ్ళు ఉండాలి. ఆవుల కొరకు అమ్మే ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకూడదు. అందులోని రాగి గొర్రెకు విషం. గిట్టలు కడగడానికి మైలుతుత్తం కంటే పది శాతం జింక్ సల్ఫేట్ నీళ్ళు మేలని చెప్పేది కూడా ఇందుకే.

ఇప్పుడు వయసు విషయం. మాంసపు రుచి రీత్యా ఏడెనిమిది నెలల పొట్టేలు శ్రేష్ఠం. ఆస్ట్రేలియా వారు శాశ్వత దంతం అరుగుదలకు రానిదానినే లేత గొర్రెగా లెక్కిస్తారు. మన కొనుగోలుదారులు దీనికి విరుద్ధంగా నోరు తెరిచి రెండు పళ్ళు వచ్చాయా అని చూస్తారు. ఆ పళ్ళు ఏడాది దాటిన తరువాతే వస్తాయి. ఖుర్బానీకి మేక ఏడాది నిండినదై ఉండాలి, అందులో సడలింపు లేదు. గొర్రె విషయంలో హనఫీ ధర్మవేత్తలు ఒక వెసులుబాటు చెప్పారు. ఆరు నెలలు నిండి, ఏడాది వాటి మధ్య నిలబెడితే తేడా తెలియనంతగా బలిసి ఉంటే చెల్లుతుంది. కనుక మూడున్నర నెలల వయసులో కొని నాలుగు నెలలు చక్కగా మేపిన నెల్లూరు పొట్టేలు చెల్లుబాటు కావడానికి ఆస్కారం ఉన్నది, బక్కచిక్కినది మాత్రం చెల్లదు. అమ్మేవాడు వయసును ఉన్నదున్నట్లు చెప్పాలి. కొన్న తేదీ, అప్పటి బరువు వ్రాసిన కాగితం చూపితే మరీ మంచిది. కుంటితనం, కంటి లోపం, తెగిన చెవి వంటివి తెచ్చేటప్పుడే చూసుకోండి. మంచెపై సందులు వెడల్పైతే కాలు విరిగేది ఖుర్బానీ పొట్టేలుకే, అప్పుడది మాంసపు ధరకే పోతుంది. పొట్టేలుకు విత్తులు కొట్టించడం ఖుర్బానీకి అడ్డు కాదు.

అమ్మే ముందు రోజు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్ళు త్రాగించి నిండుగా చూపే అలవాటు సంతలలో ఉన్నది. అది మోసం, ఆ సొమ్ము ధర్మసమ్మతం కాదు. ఒక కాటా కొని, ఉదయం మేతకు ముందు, కొనేవాని ఎదుటే తూచి అమ్మండి. మందు వేసిన పొట్టేలును డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు కోతకు ఇవ్వకండి.

మరొక సంగతి కూడా ఉత్తరంలో ఉన్నది. పొరుగున ఉన్న ఒక ముసలాయనకు పిల్లలను ఇచ్చి, ఆయన మేపినందుకు పెరిగినదానిలో సగం ఇవ్వవచ్చునా అని. ఉర్దూలో అధియా అనే ఈ పద్ధతి మన పల్లెలలో పాతదే. కానీ జీవి పూర్తిగా ఒకరిదై, కూలి మాత్రం ఇంకా ఏర్పడని పెరుగుదలలో సగం అనడాన్ని హనఫీ ధర్మవేత్తలు చెల్లని ఒప్పందంగా పరిగణించారు. కూలి ఎంతో తెలియకుండా పోతుంది, తగాదాకు దారితీస్తుంది. దీనికి వారే దారి చూపారు. పిల్లలలో సగం వాటాను ముందుగానే ఆయనకు ధర కట్టి అమ్మండి, డబ్బు తరువాత తీసుకోండి. అప్పుడు ఇద్దరూ యజమానులే. లాభమైనా చావైనా చెరిసగం. లేదా నెలకు ఇంత అని జీతం మాట్లాడుకోండి. ఇక అమ్మకం కొరకు కొని కొట్టంలో మేపే ఈ పొట్టేళ్ళకు నలభైకి ఒకటి అనే బీళ్ళలో మేసే మందల జకాత్ వర్తించదు. ఇవి వ్యాపార సరుకు. ఏడాది గడిచిన నాడు చేతిలో ఉన్నవాటి విలువను మిగతా సొమ్ముతో కలిపి రెండున్నర శాతం లెక్కించాలి.

సోదరి వ్రాసిన వాక్యానికి నా జవాబు ఇది. బంగారం పెట్టెలోనే ఉండనివ్వండి. వడ్డీకి కుదువ పెట్టడం ధర్మం కాదు, తెలివీ కాదు. కువైట్ పొదుపులో పదవ వంతు మించకుండా తీసి, ఈ జనవరిలో పది పిల్లలతో మాత్రమే మొదలుపెట్టండి. మంచె పదిహేనింటికి సరిపడేలా వేయండి. ప్రతి పిల్లకూ చెవికి ఒక సంఖ్య కట్టి, కొన్న ధర, పదిహేను రోజులకొకసారి బరువు, దాణా ఖర్చు, మందుల ఖర్చు, చావులు అన్న గళ్ళు గీసిన ఒక పుస్తకం పెట్టండి. ఆ పుస్తకం సోదరి వద్ద ఉండాలి. సొంత ఇంటి మనుషుల కష్టానికి కూడా రోజుకూలి వేసి అందులో వ్రాయండి. పండుగ వెళ్ళిన తరువాత ఆ లెక్క మాకు పంపితే, మరుసటి ఏడు పదిని ఇరవై చేయాలా, కొట్టాన్ని విప్పి వెదురు అమ్ముకోవాలా అన్నది ఈ శీర్షికలోనే మాట్లాడుకుందాం.